తాతయ్య ఎయిర్‌ఫోర్స్ సర్వీసు, ఆయనకి రావాల్సిన మెడల్స్: ట్రంకు పెట్టె నుంచి ఢిల్లీ రికార్డు ఆఫీసు దాకా

చిన్నప్పటి నుంచి మా ఇంట్లో ఒకటే కథ. తాతయ్య బర్మాలో విమానం నడిపారు, జపాను వాళ్ల మీద బాంబులేశారు. గుంటూరు బ్రాడీపేటలో మా పాత ఇంటి వసారాలో వేలాడే ఫొటో ఒక్కటే ఆ కథకి సాక్ష్యం. అందులో ఆయన విమానం రెక్క కింద, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉంటారు.

ఆయన పోయిన చాలా ఏళ్లకి ఆ ఇల్లు ఖాళీ చేశాం. ట్రంకు పెట్టె అడుగున, కలరా ఉండల వాసన కొడుతున్న చేతిరుమాల్లో చుట్టి, మూడు మెడల్స్ దొరికాయి. రెండు నక్షత్రాలు, ఒక గుండ్రటిది. ఫోన్ టార్చి ఏటవాలుగా పట్టి చూస్తే నక్షత్రం వెనకాల సన్నటి ఇంగ్లీషు అక్షరాలు కనబడ్డాయి. ముందు ఒక నంబరు, తర్వాత ఎల్ఏసీ అని, తర్వాత ఇంటిపేరు లేకుండా ఆయన పేరు, చివర దళం పేరు పొడి అక్షరాల్లో.

ఎల్ఏసీ అంటే లీడింగ్ ఎయిర్‌క్రాఫ్ట్స్‌మన్. పైలట్ కాదు. కొన్ని నెలల తర్వాత రికార్డు ఆఫీసు నుంచి వచ్చిన కాగితంలో అసలు సంగతి తెలిసింది. ఆయన ఇంజిన్ ఫిట్టర్. 1944లో జపాను సైన్యం ఇంఫాల్‌ని చుట్టుముట్టినప్పుడు అక్కడే ఉండి హరికేన్ విమానాల ఇంజిన్లు బాగుచేశారు. ఇంట్లో చెప్పుకున్న కథ కంటే ఇదే నాకు గొప్పగా అనిపించింది. ఆ ఇంజిన్ తిరక్కపోతే ఏ పైలట్ పైకి లేస్తాడు?

మీ ఇంట్లోనూ ఇలాంటి తాతయ్యో, పెదనాన్నో, అమ్మమ్మ తమ్ముడో ఉండే ఉంటారు. ఆయన సర్వీసు ఎలా వెతకాలో, ఏ మెడల్ రావాలో ఎలా లెక్కవేయాలో నేను పడ్డ శ్రమలోంచి చెబుతున్నాను. ఒక మాట ముందే చెప్పాలి. మెడల్స్ గురించి మొదట అడగొద్దు. ముందు నంబరు, తర్వాత తేదీలు, తర్వాత ఊళ్లు. ఈ మూడూ చేతికొస్తే మెడల్స్ లెక్క దానంతట అదే తేలుతుంది.

ముందు ఇల్లంతా వెతకండి

ఢిల్లీకి ఉత్తరం రాయాలనే తొందరొద్దు. మనకి కావాల్సినవి సగం ఇంట్లోనే ఉంటాయి. డిశ్చార్జి సర్టిఫికెట్, పే బుక్, పింఛను వచ్చి ఉంటే పీపీఓ (పింఛను మంజూరు ఉత్తర్వు) కాగితం, ఇవన్నీ ఎలాగూ వెతుకుతారు. ఎవరికీ తట్టనివి ఇంకొన్ని ఉన్నాయి. పాత పెళ్లి శుభలేఖ చూడండి, ఆ రోజుల్లో పెళ్లికొడుకు పేరు తర్వాత ఉద్యోగం అచ్చువేయించేవాళ్లు. మాజీ సైనికుడిగా భూమి ఏదైనా వచ్చి ఉంటే ఆ పట్టా కాగితాలు చూడండి. పాత ఎస్ఎస్ఎల్‌సీ పుస్తకం తీయండి, అందులో పుట్టిన తేదీ, పేరు స్పెల్లింగు, పుట్టుమచ్చలు ఉంటాయి. దళంలో చేరేటప్పుడు ఆయన చూపించింది ఆ పుస్తకమే అయ్యుండొచ్చు. కాబట్టి రికార్డులో పడ్డ స్పెల్లింగు కూడా అదే అవుతుంది.

ఫొటోలు ఫ్రేముల్లోంచి తీసి వెనక చూడండి. మా ఫొటో వెనక నీలం సిరాతో ఊరి పేరు, నెల రాసి ఉన్నాయి. డెబ్బై ఏళ్లపాటు ఎవరూ చూడలేదు. యూనిఫాం మీద టోపీ బ్యాడ్జిని భూతద్దంతో చూడండి. రాజుగారి కిరీటం ఉంటే అది 1950కి ముందుది, అశోకుడి సింహాలుంటే తర్వాతది. పేరు కూడా కాలాన్ని పట్టిస్తుంది. మన వైమానిక దళం 1932 అక్టోబరు 8న ఇండియన్ ఎయిర్‌ఫోర్స్‌గానే పుట్టింది. 1945 మార్చిలో ముందు రాయల్ అని చేర్చారు, 1950 జనవరి 26న ఆ మాట తీసేశారు. ఉత్తరం మీద ఆర్.ఐ.ఏ.ఎఫ్. అని ఉంటే ఆ అయిదేళ్లలోదే అనుకోవచ్చు.

దొరికిన ప్రతి కాగితాన్నీ రెండు వైపులా ఫొటో తీసి ఒక ఫోల్డర్లో పెట్టండి. పాత కాగితాన్ని లామినేషన్ చేయించొద్దు. ఆ వేడికి సిరా పాడైతే మళ్లీ తెచ్చుకోలేం.

పెద్దవాళ్లని అడగడం

“ఏ సంవత్సరంలో చేరారు?” అని అడిగితే జవాబు రాదు. నాయనమ్మని అలాగే అడిగితే “ఏమోనే, నాకు గుర్తులేదు” అంది. అప్పుడు దారి మార్చాను.

“నాయనమ్మా, వైజాగ్ మీద జపాను వాళ్లు బాంబులేశారే, అప్పటికి తాతయ్య ఇంట్లోనే ఉన్నారా?”

“ఉన్నారు. అప్పుడే కదా మా అత్తగారు వెళ్లొద్దని ఏడ్చింది. ఆ మరుసటి సంక్రాంతి చూసుకుని వెళ్లారు.”

విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు పడింది 1942 ఏప్రిల్ 6న. మరుసటి సంక్రాంతి అంటే 1943 జనవరి. రికార్డులో ఆయన చేరిన తేదీ 1943 ఫిబ్రవరి అని వచ్చింది. తొంభై ఏళ్లు దాటిన నాయనమ్మ లెక్క ఒక్క నెల కూడా తప్పలేదు.

మన ప్రాంతంలో ఇలాంటి గుర్తులు చాలా ఉన్నాయి. బెజవాడ పాత ఆనకట్ట తెగింది 1952లో, ప్రకాశం బ్యారేజీ పూర్తయింది 1957లో. ఆంధ్ర రాష్ట్రం వచ్చింది 1953 అక్టోబరు 1న. నాగార్జునసాగర్‌కి శంకుస్థాపన 1955 డిసెంబరులో. దివిసీమ ఉప్పెన 1977 నవంబరులో. ఇంట్లో పెళ్లిళ్లు, పిల్లలు పుట్టిన ఏళ్లు, పండగలు వీటి పక్కన పేర్చుకుంటూ వస్తే తేదీలు దగ్గరపడతాయి. ఊళ్ల పేర్లు ఎలా పలికితే అలాగే రాసుకోండి. మా నాయనమ్మ “జాలాలి” అంటే అది బెంగళూరు దగ్గర జాలహళ్లి అని తర్వాత తెలిసింది. “డిగ్రోడు” అంటే కరాచీలోని డ్రిగ్ రోడ్. మన దళం మొదటి స్క్వాడ్రన్ (విమానాలు, సిబ్బంది కలిసిన ఒక యూనిట్) 1933 ఏప్రిల్ 1న ఏర్పడింది అక్కడే.

ఫోన్లో రికార్డు చేసేటప్పుడు చెప్పి చేయండి. ఒకే రోజు అన్నీ అడగొద్దు, వాళ్లు అలసిపోతారు.

పేరు: అందరం ఇక్కడే ఆగిపోతాం

తెలుగు వాళ్ల పేర్లు మిలటరీ కాగితాల్లో ఇమడవు. ఈ ఒక్క కారణంతో ఎంతోమంది రికార్డులు “లేవు” అనిపించుకుంటాయి. మన ఇంటిపేరు ముందు వస్తుంది. ఇంగ్లీషు ఫారంలో చివరి పేరు ఇంటిపేరు అనుకుంటారు. కొండపల్లి వెంకట సుబ్బారావు అనే ఆయన ఉన్నారనుకోండి. ఆయన ఫైలు కొండపల్లి కింద ఉండొచ్చు, సుబ్బారావు కింద ఉండొచ్చు, సుబ్బా అని విడగొట్టి ఉత్త రావు కింద కూడా ఉండొచ్చు. పాత మద్రాసు రాతలో రావుని ఆర్, ఓ, డబ్ల్యూ అని కూడా రాసేవాళ్లు. రెడ్డి చివర వై కాకుండా ఐ ఉండొచ్చు. చౌదరిని ఎన్ని రకాలుగా రాస్తారో మీకు తెలుసు. శాస్త్రి, నాయుడు, మూర్తి అందరిదీ ఇదే కష్టం.

నేను ఒక పేజీ తీసుకుని తాతయ్య పేరుని పదకొండు రకాలుగా రాశాను. ఆ పేజీ ప్రతి ఉత్తరానికీ జత చేశాను. మీరూ అదే చేయండి.

ఊరి పేరుకీ ఇదే సమస్య. అప్పట్లో విజయవాడ అంటే బెజవాడ. 1953 వరకు మన జిల్లాలు మద్రాసులో ఉండేవి. అందుకని రికార్డులో రాష్ట్రం మద్రాసు అని, జిల్లా గుంటూరు అని, తాలూకా తెనాలో బాపట్లో నరసరావుపేటో అని ఉంటుంది. ఇప్పుడు మీ ఊరు పల్నాడు జిల్లాలో ఉన్నా, ఎన్టీఆర్ జిల్లాలో ఉన్నా ఉత్తరంలో పాత జిల్లా, పాత తాలూకా తప్పకుండా రాయండి. తండ్రి పేరు కూడా రాయండి. ఒకే పేరున్న ఇద్దరిని విడదీసేది చాలాసార్లు తండ్రి పేరే.

నంబరు, ర్యాంకు, ట్రేడు

నంబరు దొరికితే మనిషి దొరికినట్టే. పేరు తప్పుగా ఉన్నా నంబరు మారదు. నంబరు దొరికే చోట్లు: మెడల్ వెనక లేదా అంచు, డిశ్చార్జి సర్టిఫికెట్, పీపీఓ, ఇంటికి రాసిన ఉత్తరం మీద పంపినవారి చిరునామా. రెండో ప్రపంచయుద్ధం మెడల్స్ బ్రిటిష్ సైనికులకి పేర్లు చెక్కకుండానే ఇచ్చారు. భారతీయులకి ఇచ్చిన వాటి మీద మాత్రం నంబరు, ర్యాంకు, పేరు కొట్టి ఇచ్చారు. ఇది మన అదృష్టం.

ఆఫీసరా, ఎయిర్‌మనా అన్నది తేల్చుకోవడం తర్వాతి పని. ఎందుకంటే ఇద్దరి ఫైళ్లూ వేర్వేరు చోట్ల ఉంటాయి. పైలట్ ఆఫీసర్, ఫ్లయింగ్ ఆఫీసర్, ఫ్లైట్ లెఫ్టినెంట్, స్క్వాడ్రన్ లీడర్, వింగ్ కమాండర్, వీళ్లంతా ఆఫీసర్లు. ఏసీ (ఎయిర్‌క్రాఫ్ట్స్‌మన్), ఎల్ఏసీ, కార్పొరల్, సార్జెంట్, ఫ్లైట్ సార్జెంట్, వారంట్ ఆఫీసర్ అంటే ఎయిర్‌మన్ వైపు. వారంట్ ఆఫీసర్‌లో ఆఫీసర్ అనే మాట చూసి పొరపాటు పడకండి. పైలట్ ఆఫీసర్ అన్నది ర్యాంకు, దాన్నిబట్టి ఆయన పైలట్ అని చెప్పలేం. ఎయిర్‌మన్లకి ట్రేడు ఉంటుంది: ఫిట్టర్, రిగ్గర్ (విమానం బాడీ చూసేవాడు), వైర్‌లెస్ ఆపరేటర్, ఆర్మరర్ (ఆయుధాలు చూసేవాడు), డ్రైవర్, క్లర్కు. దళం మొదలైన కొత్తల్లో మనవాళ్లని హవాయీ సిపాయిలు అనేవాళ్లు.

గుంటూరులో, విజయవాడలో వెళ్లాల్సిన చోటు

జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లండి. మాజీ సైనికుల వ్యవహారాలన్నీ చూసేది వాళ్లే. పింఛను లేని రెండో ప్రపంచయుద్ధం సైనికులకి, వాళ్ల భార్యలకి ప్రభుత్వం నెలనెలా కొంత సాయం ఇస్తుంది. మీ తాతయ్యగానీ నాయనమ్మగానీ ఎప్పుడైనా ఆ సాయం తీసుకుని ఉంటే అక్కడ ఒక ఫైలు ఉంటుంది. అందులో డిశ్చార్జి సర్టిఫికెట్ జిరాక్స్ ఉండే అవకాశం ఎక్కువ. ఇంట్లో అసలు కాగితం పోయినవాళ్లకి ఇది పెద్ద ఆసరా.

వెళ్లేటప్పుడు తాతయ్య డెత్ సర్టిఫికెట్, మీకూ ఆయనకీ చుట్టరికం చూపించే కాగితం, మీ ఆధార్, మెడల్స్ ఫొటోలు, పేరు రకరకాలుగా రాసిన ఆ పేజీ పట్టుకెళ్లండి. చుట్టరికానికి ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ సరిపోతుంది, సచివాలయంలో దరఖాస్తు చేస్తే తహసీల్దారు ఇస్తారు. ఉదయమే వెళితే మంచిది. ఒక కార్యాలయంలో నన్ను “అంత పాతవి దొరకవమ్మా” అని వెనక్కి పంపేశారు. బస్సులో ఏడుపొచ్చింది. మళ్లీ వారం ఆగి, నోటి మాటగా అడగకుండా కాగితం మీద దరఖాస్తు రాసి, ఇచ్చినట్టు ముద్ర వేయించుకుని వచ్చాను. అప్పుడు పని కదిలింది. కాగితం లేకుండా ఎక్కడా ఏమీ అడగొద్దు.

అక్కడికి వచ్చే పాత వారంట్ ఆఫీసర్లతో పరిచయం చేసుకోండి. డిశ్చార్జి కాగితంలోని పొడి అక్షరాలు నాకు విడమర్చి చెప్పింది 1971లో పనిచేసిన ఒక పెద్దాయన. అరగంట సేపు కళ్లజోడు సర్దుకుంటూ ఒక్కో గడీ చదివి చెప్పారు.

ఢిల్లీకి ఉత్తరం

ఎయిర్‌మన్ల రికార్డులు న్యూఢిల్లీ సుబ్రతో పార్కులోని ఎయిర్‌ఫోర్స్ రికార్డు ఆఫీసులో ఉంటాయి. ఆఫీసర్ల సంగతి ఎయిర్ హెడ్‌క్వార్టర్స్ చూస్తుంది. పింఛను తీసుకున్నవాళ్ల విషయాలకి అదే సుబ్రతో పార్కులో ఎయిర్ వెటరన్స్ డైరెక్టరేట్ ఉంది.

ఉత్తరం ఒక పేజీ దాటకూడదు. ఇంగ్లీషులో రాయడం మంచిది. మొదటి పేరాలో నంబరు, ర్యాంకు, పేరు, ట్రేడు, తండ్రి పేరు, పాత జిల్లా, పుట్టిన తేదీ, చేరిన ఏడాది, బయటికి వచ్చిన ఏడాది రాయండి. రెండో పేరాలో మీకు ఆయన ఏమవుతారో రాయండి. మూడో పేరాలో కావాల్సినవి అడగండి: సర్వీసు వివరాల కాపీ, పనిచేసిన యూనిట్లు, అక్కడ ఉన్న తేదీలు, రికార్డులో రాసి ఉన్న మెడల్స్, అవి ఆయనకి అందాయా లేదా. ఈ చివరి రెండూ వేర్వేరు ప్రశ్నలు. అర్హత ఉండి అందనివాళ్లు ఉన్నారు. యుద్ధం అయిపోయాక 1946లో ఎక్కువమందిని ఇళ్లకి పంపించేశారు. మెడల్స్ తయారై వచ్చేసరికి చిరునామాలు మారిపోయాయి.

మెడల్స్ గురించి మన కథంతా అందులో రాయొద్దు. చదివే గుమస్తాకి కావాల్సింది నంబరు. స్పీడ్‌పోస్ట్‌లో పంపి రసీదు దాచండి.

జవాబు రాకపోతే ఆర్టీఐ

రెండు మూడు నెలలు చూసి, సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేయండి. కేంద్రానికి ఆన్‌లైన్‌లో చేసే పోర్టల్ ఉంది, ఫీజు 10 రూపాయలు. రాయడానికి 3,000 అక్షరాల హద్దు ఉంటుంది, అందుకే ప్రశ్నలు పొట్టిగా, అంకెలు వేసి రాయండి. “ఎందుకు ఇవ్వలేదు” అని అడగొద్దు. “ఫలానా నంబరు గల వ్యక్తి సర్వీసు రికార్డు కాపీ ఇవ్వండి” అని అడగండి. చట్టం ఇచ్చేది ఉన్న కాగితాన్నే, కారణాలు కొత్తగా రాసి ఇవ్వరు. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోయినా, వచ్చింది సరిగ్గా లేకపోయినా, 30 రోజుల్లో మొదటి అప్పీలు వేసుకోవచ్చు. ఆ తర్వాత 90 రోజుల్లో కేంద్ర సమాచార కమిషన్‌కి రెండో అప్పీలు.

చాలామందికి వచ్చే జవాబు “ఇది వ్యక్తిగత సమాచారం, ఇవ్వలేం” అని. అది చూసి ఆగిపోకండి. చట్టంలో సెక్షన్ 8 ఉపసెక్షన్ 3 చదవండి. ఇరవై ఏళ్లకి ముందు జరిగిన విషయాలకి ఆ వ్యక్తిగత సమాచారం మినహాయింపు అడ్డుకాదు. దేశభద్రత లాంటి కొన్ని మినహాయింపులే మిగులుతాయి. 1944 నాటి ఫిట్టర్ పోస్టింగు వాటిలోకి రాదు. అప్పీల్లో ఈ సెక్షన్ నంబరు రాసి, డెత్ సర్టిఫికెట్, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ జత చేయండి.

ఇంకెక్కడ వెతకొచ్చు

యుద్ధంలో చనిపోయినవాళ్లయితే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్ మొదట చూడాలి. రెండు ప్రపంచయుద్ధాల్లో పోయిన 17 లక్షల మంది పేర్లు అందులో ఉన్నాయి, ఉచితంగా వెతకొచ్చు. సమాధి దొరకని వైమానికుల పేర్లు సింగపూర్ క్రాంజిలోని స్మారకం మీద చెక్కి ఉన్నాయి. మన వాళ్ల సమాధులు ఢిల్లీ, కోహిమా, ఇంఫాల్ లాంటి చోట్ల ఉన్నాయి. స్వాతంత్ర్యం తర్వాత పోయినవాళ్లయితే ఢిల్లీ జాతీయ యుద్ధ స్మారకం.

సాహస పతకాలు గెజెట్‌లో అచ్చవుతాయి. 1947కి ముందువి లండన్ గెజెట్‌లో, తర్వాతవి మన గెజెట్‌లో. ఇంఫాల్‌లో నంబర్ 1 స్క్వాడ్రన్‌ని నడిపిన అర్జన్ సింగ్‌కి 1944లో వచ్చిన డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ క్రాస్ అలాంటిదే. రక్షణ శాఖకి సాహస పతకాల కోసమే ఒక పోర్టల్ ఉంది. ఆఫీసర్ల వివరాలకి భారత్ రక్షక్ సైటులోని జాబితా చాలా ఉపయోగపడుతుంది. నేషనల్ ఆర్కైవ్స్ వాళ్ల అభిలేఖ్ పటల్ పోర్టల్‌లో పాత ఫైళ్లు వెతకొచ్చు. వ్యక్తి పేరు కంటే స్క్వాడ్రన్ నంబరు, ఊరు, సంవత్సరం పెట్టి వెతికితే ఎక్కువ దొరుకుతాయి.

స్క్వాడ్రన్ తెలిస్తే ఆయన రోజు ఎలా గడిచిందో ఊహించగలుగుతాం. ఒకటి జాగ్రత్త. స్క్వాడ్రన్ బర్మా వెళ్లినంత మాత్రాన మీ తాతయ్య వెళ్లారని కాదు. ఆయన ఆ తేదీల్లో అందులో ఉన్నారో లేదో సర్వీసు కాగితమే చెప్పాలి.

బ్రిటిష్ రాయల్ ఎయిర్‌ఫోర్స్‌లో నేరుగా చేరినవాళ్లయితే తప్ప ఇంగ్లండుకి రాయడం వృథా. మన దళంలో పనిచేసినవాళ్ల మెడల్స్ వ్యవహారం మన ప్రభుత్వానిదే.

ఏ మెడల్ వస్తుందో లెక్కవేయడం

ఇప్పుడు తేదీలు, ఊళ్లు చేతిలో ఉన్నాయి కదా. రెండో ప్రపంచయుద్ధంతో మొదలుపెడదాం.

వార్ మెడల్ 1939–45: 1939 సెప్టెంబరు 3 నుంచి 1945 సెప్టెంబరు 2 మధ్యలో 28 రోజులు పూర్తికాలం పనిచేస్తే చాలు. గుండ్రంగా, తెల్లటి లోహంతో ఉంటుంది. వెనక సింహం రెండు తలల డ్రాగన్‌ని తొక్కి నిలబడి ఉంటుంది. యుద్ధకాలంలో పనిచేసిన దాదాపు అందరికీ ఇది రావాలి. మీ తాతయ్యకి ఏమీ లేదనుకుంటే ముందు దీని గురించే అడగండి. దీని రిబ్బను మీద చిన్న కంచు ఆకు ఉంటే అది ఆయన పేరు సైనిక నివేదికలో ప్రత్యేకంగా ప్రస్తావించారని గుర్తు. ఉంటే తప్పకుండా గెజెట్ వెతకండి.

1939–45 స్టార్: యుద్ధరంగంలో ఆరు నెలలు పనిచేసినవాళ్లకి. విమానంలో ఎగిరే సిబ్బందికి రెండు నెలలు చాలు, కానీ కనీసం ఒకసారి యుద్ధానికి ఎగిరి ఉండాలి. రిబ్బను ముదురు నీలం, ఎరుపు, లేత నీలం, మూడూ సమానంగా. నేవీ, ఆర్మీ, ఎయిర్‌ఫోర్స్‌కి ఒక్కో రంగు.

బర్మా స్టార్: 1941 డిసెంబరు 11 నుంచి 1945 సెప్టెంబరు 2 వరకు. బర్మాలోనే ఉండాలని లేదు. 1942 మే 1 నుంచి 1943 చివరి వరకు బెంగాల్, అస్సాంలలో పనిచేసినా లెక్కలోకి వస్తుంది. 1944 నుంచి ఆ హద్దు సరిహద్దు వైపుకి కుదించారు. అందుకే “కలకత్తాలో ఉన్నాడు” అంటే చాలదు, ఏ నెల నుంచి ఏ నెల దాకా అన్నది కావాలి. ఈ స్టార్లన్నీ చూడ్డానికి ఒకేలా ఉంటాయి: ఆరు కోణాలు, ఇత్తడి రంగు, మధ్యలో రాజు పొడి అక్షరాలు. చుట్టూ వలయం మీద రాసిన పేరు చదివితేనే ఏదో తెలుస్తుంది.

ఇండియా సర్వీస్ మెడల్: యుద్ధరంగానికి వెళ్లకుండా మన దేశంలోనే మూడేళ్లు పనిచేసిన భారత దళాల వాళ్లకి. వెనక మన దేశపు పటం ఉంటుంది. ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే. మా తాతయ్యకి ఇది ఎందుకు లేదని బాబాయి అడిగారు. 1943 ఫిబ్రవరిలో చేరి 1946లో వచ్చారు, మూడేళ్లు దాటింది కదా అని. కానీ లెక్క 1945 సెప్టెంబరు 2తో ఆగిపోతుంది. అప్పటికి రెండున్నరేళ్లే. పైగా అందులో కొంతకాలం ఇంఫాల్‌లో. కాబట్టి ఆయనకి రావాల్సినవి మూడే: 1939–45 స్టార్, బర్మా స్టార్, వార్ మెడల్. చేతిరుమాల్లో ఉన్నవీ ఆ మూడే. రికార్డుతో సరిపోయిందని తెలిసిన రోజు ఇంట్లో అందరం ఆ మూడింటినీ వరసగా పెట్టుకుని చూస్తూ కూర్చున్నాం.

స్వాతంత్ర్యం తర్వాత కూడా కొనసాగినవాళ్లయితే మూడు రంగుల రిబ్బనుతో 1947 స్వాతంత్ర్య పతకం ఉంటుంది. కాశ్మీర్ యుద్ధానికి జనరల్ సర్వీస్ మెడల్ మీద జమ్మూ కాశ్మీర్ అని పట్టీ ఉంటుంది. 1965కి రెండు ముఖ్యం: యుద్ధప్రాంతంలో ఉన్నవాళ్లకి సమర్ సేవా స్టార్, మిగతా వాళ్లకి కూడా వచ్చే రక్షా మెడల్. 1971కి తూర్పున పూర్వీ స్టార్, పడమట పశ్చిమీ స్టార్, విస్తృతంగా అందరికీ ఇచ్చిన సంగ్రామ్ మెడల్. 1972లో స్వాతంత్ర్యం వచ్చి పాతికేళ్లయిన సందర్భంగా ఒక పతకం. ఇవికాక 9, 20, 30 ఏళ్ల సర్వీసుకి వేర్వేరు మెడల్స్. మన జిల్లాల నుంచి 1971 నాటి ఎయిర్‌మన్లు ఇప్పటికీ మన మధ్య ఉన్నారు. వాళ్లని ఇప్పుడే అడగండి. ఆయన బతికుండగా ఆయన సంతకంతో పంపిన దరఖాస్తు, మనం తర్వాత పంపే పది ఉత్తరాల కంటే బలమైనది.

రాని మెడల్, పోయిన మెడల్

రికార్డులో అర్హత ఉండి, ఇచ్చినట్టు లేకపోతే, రికార్డు ఆఫీసు జవాబు కాపీ జతచేసి మళ్లీ దరఖాస్తు చేయండి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా పంపితే మంచిది. ఇచ్చినట్టు ఉండి ఇంట్లో పోయి ఉంటే, చూసుకోవడానికి నకలు సెట్టు చేయించుకోవచ్చు, కానీ ఫ్రేము వెనక నకలు అని రాయండి. రేపు మన పిల్లలు అవి అసలువే అనుకోకూడదు. ఆన్‌లైన్‌లో అమ్మే అసలు మెడల్స్ కొనొద్దు. వాటి వెనక ఇంకొకరి తాతయ్య పేరు ఉంటుంది.

ఇంకొక్క విషయం. దొరకగానే చింతపండు పెట్టి తోమేయకండి. మన ఇళ్లలో ఇత్తడి కనబడితే చేయి అటే వెళ్తుంది. మా అత్తయ్య ఒక స్టార్ అప్పటికే తోమేసింది. తళతళ మెరిసింది, కానీ వెనక చెక్కిన నంబరులో ఒక అంకె మసకబారింది. అది మూడా ఎనిమిదా అన్నది రెండో స్టార్ చూసి తేల్చుకున్నాం. పొడి మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలు. రిబ్బను చిరిగిపోయినా పారేయకుండా విడిగా కాగితంలో చుట్టి ఉంచండి.

మేము ఇప్పుడు మెడల్స్, డిశ్చార్జి కాగితం కాపీ, నాయనమ్మ మాటల రికార్డింగు, పదకొండు పేర్ల ఆ పేజీ, అన్నీ ఒకే పెట్టెలో పెట్టాం. ఇంకో సెట్టు జిరాక్స్ విజయవాడలో బాబాయి దగ్గర ఉంది. వసారాలో ఫొటో మళ్లీ ఫ్రేములో పెట్టే ముందు, వెనక ఉన్న ఆ నీలం సిరా కింద అత్తయ్య పెన్సిల్‌తో రాసింది: నంబరు, ఎల్ఏసీ, ఫిట్టర్, ఇంఫాల్, 1944. రాస్తూ ఒకసారి ఆగి, “ఇంజిన్ ఫిట్టర్ అని రాయనా?” అని అడిగింది. రాయమన్నాను.